ముప్పై ఏళ్లు కాలు పడని వాలు

సరయేవో, సోమవారం

ప్రియమైన రెమ్జియా అక్కకి,

మా బడి పిల్లలు విద్యార్థుల వ్యాపార పోటీలో ఆఖరి రౌండుకి చేరారు! మన ఊరి ఆడవాళ్లు కోసే అడవిగులాబీ కాయలు ఎండబెట్టి టీకి అమ్మడం, లాభంలో వాళ్లకీ వాటా ఇవ్వడం వీళ్ల ఆలోచన. నువ్వు పంపిన రెండు కిలోలు చూసి జడ్జీలు, "బాగుంది. యాభై కిలోలు తేగలరా?" అన్నారు. మా ఇల్దా లేచి, "మా టీచర్ గారి ఊళ్లో ముప్పై ఏళ్లు మనిషి కాలు పడని వాలు ఉంది సార్. అంతకన్నా శుభ్రమైన నేల ఎక్కడుంది?" అంది. ఒకటే చప్పట్లు.

యుద్ధంలో పెట్టిన మందుపాతరలు అక్కడ తీసేసినట్టేగా, నువ్వే వెళ్లి కోశావంటే? శనివారం వస్తాం. చోటు చూపించు.

నీ ముద్దుల
షెమ్సా

బ్రద్నా, బుధవారం

ప్రియమైన చెల్లికి,

రావద్దు. తీయలేదు. హెచ్చరిక బోర్డులు మంచుకి పడిపోయాయి, ఎవరూ మళ్లీ పాతలేదు. నేను పాత ఆవుల దారి గుర్తుపెట్టుకుని, అడుగుకొక బిస్మిల్లా చెప్పుకుంటూ వెళ్లాను. పిల్లలు గెలవాలన్న ఆశ. తప్పు చేశాను.

ఇక్కడ ఫోను పలకదు కనుక ఈ ఉత్తరం బస్సు డ్రైవరు ఫిక్రెత్ చేతికిచ్చి పంపుతున్నాను. చదవగానే పిల్లలకి చెప్పు.

అల్లా మిమ్మల్ని కాపాడాలి.
అక్క

సరయేవో బస్టాండు, శుక్రవారం

ప్రియమైన అక్కా,

నిన్న చెప్పాను. ముగ్గురు పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఇల్దా మాత్రం, "మీ అక్కగారు వెళ్లి వచ్చారుగా టీచర్! ఆవిడ దారినే వెళ్తే ఏమవుతుంది?" అంది. ఇవాళ బడికి రాలేదు. పొద్దున్నే మన ఊరి బస్సెక్కిందట.

పోలీసులకి చెప్పాను. వాళ్ల నాన్న పనిచేసేది చాలా దూరంలో, ఆయన్ని తీసుకుని సాయంత్రానికి కారులో వస్తాను. ఈలోగా ఈ చీటీ ఫిక్రెత్ చేతికిస్తున్నా. పరుగెత్తు అక్కా.

షెమ్సా

బ్రద్నా, మరుసటి గురువారం

ప్రియమైన షెమ్సా,

మీరు వచ్చేసరికి ఇల్దా మా ఇంట్లో దుప్పటి కప్పుకుని ఉంది. వాలు మీద జరిగింది నీకు సరిగ్గా చెప్పలేదు.

నేను చేరేసరికి ముప్పై అడుగులు లోపల ఉంది. సంచీ సగం నిండింది. "కదలకు" అన్నాను.

"మీ అడుగుల్లోనే అడుగు వేశాను పెద్దమ్మా!"

"అవి నావి కావమ్మా. అడవిపందివి."

పోలీసులు పంపిన మందుపాతరలు తీసేవాళ్లు వచ్చేదాకా మూడు గంటలు నిలబడింది. నేను అంచున నిలబడ్డాను. "స్టేజి మీద ఐదు నిమిషాలే ఇచ్చారు పెద్దమ్మా, ఇక్కడ ఎంతసేపైనా వాగొచ్చు" అంది. కాసేపటికి సంచీని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. తెలిసిన ప్రార్థనలు, దువాలన్నీ అయిపోతే మళ్లీ మొదలుపెట్టాను. వాళ్లకి మొదటి మందుపాతర పిల్లకి రెండడుగుల దూరంలో దొరికింది.

బయటికొచ్చి నన్ను వాటేసుకుని, "మీకు దారి తెలుసు కాబట్టే నిలబడగలిగాను" అంది.

నాకు దారి తెలియదు, షెమ్సా. ఆవుల దారి గడ్డిలో కలిసిపోయి ఇరవై ఏళ్లయింది. నీకు రాసిందీ అబద్ధమే. ఆ రెండు కిలోలు నా అదృష్టం, అంతే.

ఆ కాయలు ఎలా వచ్చాయో పోటీలో పిల్లల చేత చెప్పించు. ఓడిపోతే ఓడిపోనీ. నాకు దారి తెలియదని ఇల్దాకి మాత్రం అంతకంటే ముందే చెప్పు. నేను చెప్పలేకపోయాను. చెప్పకపోతే రేపు ఇంకో పెద్దమ్మ అడుగులు వెతుక్కుంటూ వెళ్తుంది.

నీ మేలు కోరే
రెమ్జియా