అవ్వ వేయించిన గాజులు

ఆడికృత్తిక, 1979
తిరుత్తణి

అవ్వకు ఎనభై నిండాయి. ఆడికృత్తిక నాడు పుట్టింది కాబట్టి, కొండకు కావళ్ళు పోయే రోజే మా ఇంట్లో పాయసం. అన్న పోయి ఏడాదైనా తిరగలేదు, ఇప్పుడు పండుగేమిటన్నాను. చేయకపోతే అవ్వకు అనుమానం వస్తుందంది అమ్మ. అన్న పోయిన సంగతి అవ్వకు ఇంకా చెప్పలేదు. ఆ గుండె తట్టుకోలేదని అందరి భయం.

పొద్దున్నే అడిగింది. "పెద్దోడు యాడ?"

"గుమ్మిడిపూండిలోనే అవ్వా. లీవు దొరకలేదంట."

ఎంత సులువుగా వచ్చేసిందో నా నోట ఆ మాట.

ఏటా ఈ రోజున ఇంటి ఆడవాళ్ళందరికీ అవ్వ గాజులు వేయిస్తుంది. చూపు ఆనదు కాబట్టి వదిన చెయ్యి తడిమి చూసింది. "బోసిగా ఉండాదేమే? ఎండకు తీసేసినావా?"

గాజులామె అమ్మ వైపు చూసింది. వెయ్యమని అమ్మ కళ్ళతోనే చెప్పింది. పచ్చగాజులు ఎక్కాయి. "పసుపు కుంకుమలతో నూరేండ్లు ఉండు తల్లీ" అని అవ్వ దీవించింది. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం బావి దగ్గర సబ్బు రాసి లాగాం. రాలేదు. పగలగొడదామని రాయి తీసుకుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. తాత పోయినప్పుడు అవ్వ వినింది ఆ చప్పుడు."

గాజులతోనే వదిన గుమ్మిడిపూండికి రైలెక్కింది, చేతులు చెంగులో దాచుకుని. అక్కడ వాళ్ళ వీధిలో ఎవరైనా చూస్తే...