రెండుసార్లు పడిన వాక్యం

తాతయ్యా,

బడి కోసం నీ గురించి నేను రాసిన వ్యాసం దిద్ది పంపావు, నిన్న అందింది. నాలుగు పేజీలూ ఎర్రసిరాలో మునిగి తేలాయి. ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన చెయ్యి కదా, మనవరాలినని కూడా చూడలేదు! "మహా గొప్పవాడు" అన్నచోటల్లా "మహా" కొట్టేశావు. "ఎప్పుడూ అబద్ధమాడడు" పక్కన "అమ్మమ్మని అడుగు" అని రాశావు. ఫోన్ చేసి అడిగాను. పగలబడి నవ్వింది. ఆ వాక్యం తీసేశాను.

నీలాగే లైను కింద స్కేలు పెట్టుకుని అంతా తిరగరాస్తుంటే ఒకటి దొరికింది. రెండో పేజీ చివరి వాక్యాన్నే పరధ్యానంలో మూడో పేజీ మొదట్లో మళ్లీ రాశాను: "నాకు అందరికన్నా తాతయ్యే ఇష్టం." కామా తప్పినా ఊరుకోని నువ్వు దాని జోలికే పోలేదు!

మళ్లీ అమ్మమ్మకే ఫోన్ చేశాను. "కనపడక కాదే పిచ్చిపిల్లా! అక్కడికొచ్చేసరికి పెన్ను పక్కన పెట్టి, నన్ను పిలిచి, రెండుసార్లూ పైకి చదివించుకున్నారు" అంది.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి వ్యాసం టీచరు చేతిలో ఉంటుంది. రెండూ ఉంచేశాను. అడిగితే, మా ప్రూఫ్‌రీడరు గారు చూసే వదిలారని చెబుతాను.

నీ మనవరాలు