తెగిన మూడు తీగలు

ఆగస్టు 24, ఆదివారం

వదినగారికి,

నమస్కారాలు. మేమంతా క్షేమం. మీ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించిందని మీ అమ్మాయి చెప్పింది, సంతోషం.

ముందు అసలు సంగతి. మన మనవరాలు పిచ్చుక టెన్నిస్ రాకెట్‌కు మూడు తీగలు తెగిపోయాయి. నిన్న పిల్లను మీ ఇంటికి పంపనిది అందుకే. కొత్త తీగలు అల్లడానికి రెండు వారాలు పడుతుందట. వచ్చే రెండు శనివారాలూ పంపలేను. ఏమీ అనుకోకండి.

రెండో సంగతి కొంచెం కటువుగా ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, డొంకతిరుగుడు మాటలు నాకు చేతకావు.

మనవరాలికి టెన్నిస్ నేర్పించాలన్నది నా ఆలోచన. చేర్చిన రోజే కోచ్ హెచ్చరించాడు, పిల్లలు ఆట మానేది ఓడిపోయి కాదండీ, ఎండలకో వానలకో పరీక్షలకో ఒక నెల ఆగిపోయి, అని. అందుకే పన్నెండు నెలలకూ పట్టిక గీశాను. రోజూ ఉదయం ఆరింటికల్లా కోర్టు పక్కన సిమెంటు బల్ల మీద నోటుబుక్కుతో కూర్చున్నాను. వంద సర్వ్‌లలో గీత లోపల పడ్డవి జనవరిలో ముప్పై ఎనిమిది, మార్చిలో యాభై ఒకటి. మొదటి సర్వ్ తప్పితే రెండోది కొట్టొచ్చు కదా, అదీ రాయి నానమ్మా అని బతిమాలేది. రెండోది లెక్కలోకి రాదు పొమ్మన్నాను.

ఏప్రిల్‌లో దానికి కడుపునొప్పులు మొదలయ్యాయి. పదకొండు సార్లు, అన్నీ ఆరింటికి సరిగ్గా ఐదు నిమిషాల ముందే. జూన్‌లో కోర్టులో వాననీళ్లు నిలిచాయి, రాకెట్ బీరువా మీదికెక్కింది.

అప్పుడు మీరు రంగంలోకి దిగారు. నడవలో రెండు కుర్చీల మధ్య దుప్పటి కట్టారట. మేజోళ్లు ఉండచుట్టి బంతి చేశారట. గిన్నె మూత పట్టుకుని మీరే ఎదురు నిలబడ్డారట! ఓడినవాళ్లు ఉతికిన బట్టలు మడతపెట్టాలట. ఆరు శనివారాల్లో ఆరుసార్లూ మీరే మడతపెట్టారట. పాయింట్లు పదిహేను, ముప్పై అని అది చెబుతుంటే, ఇదేం లెక్కే తల్లీ, మధ్యలోవి ఎవరు మింగేశారు అన్నారట. అది చెప్పుకుని చెప్పుకుని పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

ఇప్పుడు కోర్టు ఆరింది. అయిదున్నరకే బూట్లు వేసుకుని అదే నన్ను లేపుతోంది. నేను సంతోషించాలి కదా? ఒళ్లు మండిపోయింది. బూటు లేసు కట్టుకుంటూ అమ్మమ్మ, బంతి ఏరుకుంటూ అమ్మమ్మ. ఉండబట్టలేక అడిగాను, ఏమే, నా దగ్గర లేనిది అక్కడేముందే అని. బంతి అవుటయితే అమ్మమ్మ నవ్వుతుంది, నువ్వు రాసుకుంటావ్, అంది.

కాబట్టి ఒక్క మనవి. బట్టలు మడతపెట్టడం వేరు, టెన్నిస్ వేరు. ఆట సంగతి నాకు వదిలేయండి.

ఇట్లు,
మీ వియ్యపురాలు

తా.క.: కవరు అంటించేలోపే మావాడు, నాకు చెప్పకుండా, పిచ్చుకను రాకెట్ల దుకాణానికి తీసుకెళ్లి వచ్చాడు. రెండు వారాలన్నది నా కల్పన. పని అరగంటలో అయిపోయింది. ఆ తీగలు వాటంతటవి తెగలేదు వదినగారూ. శుక్రవారం మధ్యాహ్నం, అది బడిలో ఉండగా, బట్టల కత్తెరతో నేనే కోశాను. దుకాణంలో అతను చూడగానే, ఇవి అరిగి తెగినవి కావు పాపా, ఎవరో కత్తిరించారు, అన్నాడట. మావాడు, భలేవారే, అలా ఎవరు చేస్తారండీ అని నవ్వేశాడట. పిచ్చుక నవ్వలేదట.

ఇంటికొచ్చి తిన్నగా నా గదిలోకి వచ్చింది. నా నోటుబుక్కు తీసుకుంది. కొత్త పేజీలో పైన నానమ్మ అని రాసింది. కింద ఒకటే వరుస: మొదటి సర్వ్ అవుట్, ఇంకొకటి ఉంది.

శనివారం దాన్ని నేనే తీసుకొస్తాను. నాకూ ఒక మూత తీసి ఉంచండి.