కాల్చిన చెరకు

ఉత్తర క్వీన్స్‌లాండ్
1942 సెప్టెంబరు 14

అట్టీలియోకు,

శిబిరంలో నీ ఒంట్లో బాగుందని తలుస్తాను. నీ పొలం సంగతి, రెంజో సంగతి నేనే రాయాలి.

ఇటలీవాడివని నిన్ను పట్టుకుపోయాక నీ తోటకు చెరకు కొట్టేవాళ్లు వచ్చారు. ఆకు కాల్చని తోటలో ఎలుకల జ్వరం వస్తుందని దిగబోమన్నారు. యుద్ధం మూలాన చీకటి పడ్డాక మంట కనబడకూడదని ఉత్తర్వు ఉంది. పిల్లలకు అది తెలియదు. మనం ఏటా చేసినట్టే మీ రెంజో, మా క్లెమ్ సాయంత్రం గాలి పడిపోయేదాకా ఆగి, తడి గోనెలు పట్టుకుని నిప్పు పెట్టారు. మంటను గట్టు దాటనివ్వలేదు. చీకటి పడేలోగా ఆర్పలేకపోయారు, అంతే.

పోలీసు సార్జెంటు వచ్చాడు. "ఏరా, జపాను విమానాలకు దారి చూపిస్తున్నారా? ముట్టించింది ఎవడు?" అన్నాడు. "ఇటలీ వాళ్ల కుర్రాడు" అని నేను చెప్పాను.

తల్లి లేదు, తండ్రి శిబిరంలో ఉన్నాడు అని మర్నాడే రెంజోను ఏదో పిల్లల ఆశ్రమానికి పంపారు. ఎక్కడో చెప్పరు. వాణ్ణి చూసుకుంటానని నీకు మాటిచ్చినవాణ్ణి. చెప్పిన మాట వెనక్కి తీసుకుంటానని రెండుసార్లు స్టేషనుకు వెళ్లాను. "రాసుకున్నది రాసుకున్నాం, ఇంటికి పోవయ్యా" అన్నారు.

పోలీసులు వచ్చారని విని చెరకు కొట్టేవాళ్లు మళ్లీ రాలేదు. కాల్చిన చెరకు ఎన్నాళ్లు ఆగుతుందో నీకు తెలుసు. తోటంతా పులిసిపోయింది.

క్లెమ్ నాతో ఒక్క మాటే అన్నాడు. "అగ్గిపెట్టె మనింటిది కదా నాన్నా."

రెంజో ఉన్న చోటు నీకు తెలిస్తే రాయి. నాకు వద్దు. కవరు మీద క్లెమ్ పేరే వెయ్యి, నేను విప్పను.

నీ పక్క పొలం వాడు