కుడివైపు జేబు

చెన్నై,
శుక్రవారం.

తమ్ముడు ప్రభాకర్‌కి అక్క సలోమి ప్రభువు పేరిట శుభాలు కోరుతూ రాస్తున్నది.

మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి ఇక్కడి కాలేజీ వాలీబాల్ కోచ్‌గారు నాకు ఫోన్ చేసి, మన హెప్సిని ట్రయల్‌కి పిలిచారు. నీ కూతురు ఎడమచేత్తో కొడుతుందనుకుని పిలిచారు. ఈ ముక్క ముందు చెప్పేస్తే మిగతాది నిదానంగా చదువుతావని మొదటే రాశాను.

మరదలు రత్నానికి మోకాలి నొప్పి తగ్గిందా? నీకు బీపీ మాత్రలు ఉన్నాయా, అయిపోయాయా? నేను బాగానే ఉన్నాను. వచ్చి ఏడు వారాలైంది. రాజమండ్రిలో ఇరవై రెండేళ్లు బండి మీద తిరిగి వార్తలు రాసినదాన్ని, ఇప్పుడు ఎవరో రాసినవి కుర్చీలో కూర్చుని దిద్దుతున్నాను. సముద్రం దగ్గరే గానీ గాలి మా గదికి రాదు. ఆరిన బట్టలు సాయంత్రానికి మళ్లీ చెమ్మగిల్లుతాయి. హాస్టల్ పప్పులో కారం ఉండదు. ఎండు రొయ్యల పొడి పంపుతానన్నావు, పంపకు. ఇక్కడ శాకాహారమే, మూత తీస్తే మేడంతా తెలిసిపోతుంది. ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్తున్నాను. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంకా లేరు. అయినా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దు.

ఇక వీడియో సంగతి. నువ్వు పంపిన మూడు నిమిషాల వీడియోని నేను పూర్తిగా చూడకుండానే కోచ్‌గారికి పంపాను. అది నా తప్పు. ఫోన్‌లో ఆయన, “మాకు కుడివైపు నుంచి కొట్టే ఎడమచేతి అమ్మాయి కావాలి. రెండేళ్లుగా వెతుకుతున్నాం” అన్నారు. హెప్సి అన్నం తినేదీ, రాసేదీ కుడిచేత్తో. ఏడు వారాల్లో నేను మరిచిపోలేదు.

అప్పుడు కూర్చుని చూశాను. ప్రతి స్మాష్‌కీ గులాబీ రేకులు రాలుతున్నాయి. పెళ్లి వీడియోల స్టూడియోలో చేయించావని అక్కడే తెలిసింది. చొక్కాల మీద అంకెలు మసకబార్చారు. స్కోరు బోర్డు మసకబార్చారు. ముందు ఇది వేరే పిల్ల వీడియో అనుకున్నాను. కానీ ఎగిరే ముందు మూడడుగులు వేసి తల వంచడం మన హెప్సిదే.

రెండో నిమిషంలో గీత బయట నువ్వు నిలబడి ఉన్నావు. నీలం గళ్ల చొక్కా, జేబులో పెన్ను. జేబు కుడివైపు ఉంది. అదే చొక్కాతో కిందటి క్రిస్మస్‌కి చర్చి మెట్ల మీద దిగిన ఫోటో తీసి పక్కన పెట్టాను. అందులో జేబు ఎడమవైపే.

బుధవారం స్టూడియో ఆయనకి ఫోన్ చేశాను. “అద్దంలోలా కుడి ఎడమలు తిప్పమన్నది తమ్ముడుగారేనండి. ఆల్బంలో పెళ్లికూతురిని అటూ ఇటూ మారుస్తూనే ఉంటామండి. రేకులు మాత్రం నా ఐడియానండి, నచ్చాయాండి?” అన్నాడు.

తర్వాత హెప్సికి చేశాను.

“ఏ చేత్తో ఆడుతున్నావే ఇప్పుడు?”

“ఎడమచెయ్యి నేర్చుకుంటున్నానత్తా. మూడు వారాలైంది, నాన్న నేర్చుకోమన్నాడు. భుజం లాగేస్తోంది. అమ్మకి చెప్పకు.”

“వీడియో చూశావా?”

“చూశాను. అందులో అమ్మాయి నాకంటే బాగా ఆడుతోంది.”

భుజం సంగతి రత్నానికి చెప్పొద్దంది గానీ నీకు చెప్పొద్దనలేదు, అందుకే రాస్తున్నాను. ఇవాళే ఆ సాధన మాన్పించు.

నువ్వేమంటావో నాకు తెలుసు. “కుడిచేతివాళ్లు వందమంది వస్తారక్కా, మనమ్మాయిని ఎవడు చూస్తాడు?” అంటావు. మన కొవ్వూరు గ్రౌండు దాటి ఆ పిల్ల ఆట ఎవరూ చూడలేదన్నదీ నిజమే. కానీ ట్రయల్‌లో ఆయన చెయ్యి చూస్తారు. అబద్ధం బయటపడేది నీ ముందు కాదు, ముక్కూ మొహం తెలియని ఊళ్లో, పద్దెనిమిదేళ్ల పిల్ల ఒంటరిగా నెట్ ముందు నిలబడినప్పుడు. ఆఫీసులో ఆ వీడియోని మళ్లీ అసలు వైపుకి తిప్పించి చూశాను. అందులో పన్నెండు స్మాష్‌లున్నాయి. తొమ్మిది అవతలివాళ్లు తాకను కూడా లేదు. అన్నీ కుడిచేత్తో కొట్టినవే. అది చాలుతుందో లేదో నాకు తెలియదు. చూసే హక్కు కోచ్‌గారిది.

ఒక చిన్న పని చేసిపెట్టు. నీ ఫోన్‌లో ఉన్న మ్యాచ్ మొత్తం, కోత లేకుండా, తప్పులతో సహా పంపు. వచ్చాక కూడా ముందు నీ జేబు చూసే నమ్ముతాను, ఏమనుకోకు. ఈ తిప్పిన సంగతి రత్నానికి తెలుసా? అదీ రాయి.

పాస్టర్‌గారికీ పాస్టరమ్మగారికీ నా వందనాలు చెప్పి, నా కోసం ఒక మాట ప్రార్థన చేయమను. పక్కింటి మరియమ్మ పిన్నికి నేను చిక్కిపోలేదని చెప్పు. హెప్సికి ముద్దులు.

కోచ్‌గారికి నేనింకా ఏమీ చెప్పలేదు. వచ్చే గురువారం సాయంత్రం అయిదింటికి ఫోన్ దగ్గర ఉంటానన్నారు. తనది కుడిచెయ్యని హెప్సే ఫోన్ చేసి చెప్పాలి. చెయ్యకపోతే అయిదున్నరకి నేను చెబుతాను. ఆ తర్వాత కూడా పిలుపు నిలిస్తే, శనివారం ఉదయం ఏడింటికి ట్రయల్.

మీ అక్క,
సలోమి