అక్క గొంతు

ప్రియమైన అక్కకి,

పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత సేపు పెన్ను పట్టుకోవడం ఇదే మొదలు. రోజంతా సెల్‌ఫోన్లు విప్పి బిగించే చెయ్యి కదా, అక్షరాలు వంకర పోతున్నాయి. సర్దుకుని చదువుకో.

ముందు మంచి కబురు. నువ్వు పెట్టిన వీడియో ఊరంతా చూసింది. కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ లేక పసిపిల్లల వార్డు చీకటైపోవడం, పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు చల్లబడితే నువ్వూ వార్డు ఆయమ్మా వాళ్ళని గుండెలకి కరుచుకుని నిలబడటం, ఇద్దరు దక్కలేదని చెబుతూ నువ్వు గొంతు పెంచకుండా సూపరింటెండెంట్‌ని ప్రశ్నించడం అందరూ ఆపి ఆపి మరీ చూస్తున్నారు. వార్డులో వీడియో తీశావని, పుకార్లు పుట్టించావని నిన్ను లోపల వేశారు. ఫోన్ తీయడం నేరమట. డీజిల్ పోయకపోవడం మాత్రం కాదట.

అందుకే ఒక పేజీ తెరిచాను. పేరు ‘అక్క గొంతు’. ఫొటో నీది, పోస్టుల కింద పేరు నీది. నా పేరు ఎక్కడా లేదు. నువ్వే మాట్లాడుతున్నట్టు నేను రాస్తున్నాను. “నన్ను గదిలో పెట్టారు, నా కళ్ళు ఇంకా వార్డులోనే ఉన్నాయి” అని మొన్న రాస్తే జనం ఏడ్చేశారు. షాపుకి ఫోన్ బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళే ఆ పేజీ తెరిచి నాకు చూపించి, “చదివావా, ఎంత బాగా రాసిందో” అంటుంటే నవ్వు ఆపుకోలేక చస్తున్నాను.

పిచ్చుక బాగుంది, స్కూలుకి వెళ్తోంది. మీ మరదలు జడలు వేస్తే, అమ్మ ఇంకా గట్టిగా వేస్తుందని విప్పేసుకుంటోంది. నీ కూతురే, అనుమానం లేదు.

నీ తమ్ముడు


ప్రియమైన బుడ్డోడికి,

నర్సునని తెలిసిన దగ్గర్నుంచీ ఇక్కడ నన్ను ఎవరూ కూర్చోనివ్వడం లేదు. ఒకరికి కాళ్ళు పట్టేశాయి, ఒకరికి కడుపులో మంట. జైలు వార్డరమ్మ బీపీ చూడమంటుంది. మిషన్ లేదంటే, ముఖం చూసి చెప్పమంటుంది. ఎక్కువే ఉందని చెప్పాను. అప్పట్నుంచి కాస్త మెల్లగా అరుస్తోంది.

ఆయమ్మ వచ్చి చూసి వెళ్ళింది. ఆసుపత్రికి కొత్త జనరేటర్ వచ్చిందట. మొన్న కరెంటు పోతే వార్డులో లైటు ఒక్క క్షణం కూడా ఆరలేదట. అది నీ పేజీ వల్లే వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. నువ్వు పుట్టినప్పట్నుంచి చేసిన పనుల్లో ఒకటి కుదిరింది.

ఇంకో మాట. వార్డరమ్మ తన ఫోన్‌లో పిచ్చుక వీడియో చూపించింది. స్కూలు బట్టల్లో నిలబడి “మా అమ్మని ఇచ్చేయండి” అని ఏడుస్తోంది. మధ్యలో ఏడుపు ఆపి, పక్కకి చూసి, మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పక్కన నువ్వున్నావని నాకు తెలుసు. ఇంకెప్పుడూ ఆ పని చేయకు. చెప్పడం లేదు, బతిమాలుతున్నాను.

లాయరు వచ్చాడు. నాదే తప్పని క్షమాపణ రాసిస్తే ఆసుపత్రి వాళ్ళు కేసు వెనక్కి తీసుకుంటారట. రాసేద్దామని ఉంది. నేను అడిగింది జనరేటర్. అది వచ్చింది. ఇక నాకు నా కూతురు కావాలి. ఈ పని అయ్యేవరకు పేజీలో ఏమీ రాయకు.

ప్రేమతో,
అక్క


ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి షాపు షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను.

నాదే తప్పని నువ్వు రాస్తే ఆ వీడియో అబద్ధమైపోతుంది. పోయిన పిల్లల్లో ఒకడి తల్లి పేజీకి రాసింది. “నా బిడ్డ ఎలా పోయాడో నాకు నిజం చెప్పింది మీరొక్కరే. డాక్టర్లు నా పాలల్లోనే ఏదో ఉందన్నారు” అని. ఆవిడకి నేనేం జవాబు చెప్పాలి? సంతకం పెట్టేసి ఇంటికొచ్చి అన్నం తింటున్నావని చెప్పాలా?

అదీగాక ఆలస్యమైపోయింది. లాయరు ఆసుపత్రికి వెళ్ళొచ్చాడని బయట గుసగుసలు మొదలైతే, ప్రాణం పోయినా క్షమాపణ చెప్పనని నిన్నే పెట్టేశాను. నీ మాటగానే పెట్టాను. ఇంతవరకు నేను రాసినవాటిలో అంతమంది పంచుకున్నది ఇంకోటి లేదు. గోడల మీద కూడా రాస్తున్నారు.

పిచ్చుక గురించి కంగారు పడకు. ఇప్పుడు అదే నా దగ్గరికి వచ్చి “మామయ్యా, వీడియో తీద్దామా” అంటోంది. బయటికి వెళ్తే గుర్తుపట్టి చాక్లెట్లు ఇస్తున్నారు.

నీకు అర్థం కాదేమో అక్కా. ఇన్నేళ్ళలో నాతో జనం మాట్లాడిందల్లా స్క్రీన్ పగిలింది, ఎంతవుతుంది, ఎప్పుడిస్తావు, అంతే. ఇప్పుడు నేను ఒక్క వాక్యం రాస్తే మనుషులు రోడ్డు మీదికి వస్తున్నారు. కొన్నాళ్ళు ఓర్చుకో. నువ్వు ఇప్పుడు మన ఇంటి మనిషివి మాత్రమే కాదు, అందరి మనిషివి.

నీ తమ్ముడు


ప్రియమైన బుడ్డోడికి,

సంతకం పెట్టేశాను. ఆయమ్మ ఎదురుగా కూర్చుని సాక్షి సంతకం పెట్టింది. చేతికి సిరా అంటితే చీరకి తుడుచుకుని, “పోనీలేమ్మా, పిల్ల దగ్గరికి పో” అంది. ఆ కాగితం రాస్తుంటే సిగ్గేసింది. రాయడం అయిపోయాక మాత్రం చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

ఆ తల్లి సంగతి నేను చూసుకుంటాను. బయటికి వచ్చాక వాళ్ళింటికి వెళ్ళి, ఆమె పాలల్లో ఏ దోషమూ లేదని ఎదురుగా కూర్చుని చెప్తాను. నేను చెప్పాల్సిన మాట అది. నువ్వు పేజీలో చెప్పాల్సింది కాదు.

నువ్వు రాసే ఆ ‘నేను’ ఎవరో నాకు తెలియదురా. చాలా ధైర్యం గల మనిషిలా ఉంది. ఆవిడకి కూతురు లేదు.

మంగళవారం కోర్టుకి పిచ్చుకని తీసుకుని నువ్వొక్కడివే రా. ఫోన్ ఇంట్లో పెట్టిరా.

ఎదురుచూస్తూ,
అక్క


ప్రియమైన అక్కకి,

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

ఆసుపత్రి వాళ్ళు నీ క్షమాపణ కాగితం పేపర్లో వేయించారు. పొద్దున్న లేచేసరికి పేజీ నిండా తిట్లు. అమ్ముడుపోయిందన్నారు. ఎంతకి పోయావని అడిగారు. పిచ్చుక ఏడుపు కూడా నాటకమేనా అన్నారు. నిన్నటిదాకా నిన్ను తల్లీ అన్నవాళ్ళే. నా వల్ల కాలేదు. ‘ఆ సంతకం నాది కాదు, సాక్షిగా సంతకం పెట్టిన ఆయా వాళ్ళ మనిషి’ అని రాశాను. నీ వీడియోలో ఆమె పిల్లాణ్ణి ఎత్తుకుని ఉంది కదా, ఆ బొమ్మలోంచి పిల్లాణ్ణి కత్తిరించేసి ఆమె ముఖం ఒక్కటే పెట్టాను. ఎవరూ పట్టించుకోని మామూలు ముఖం. అంతమంది చూస్తారనుకోలేదు.

మంగళవారం పొద్దున్న ఆసుపత్రి గేటు దగ్గర జనం పోగయ్యారు. ఆయమ్మ డ్యూటీకి వచ్చింది. గుర్తుపట్టారు. “ఆ అమ్మాయే రాసిందయ్యా, నా కళ్ళముందే రాసింది, ఇళ్ళకి పోండి” అందట. ఎవరో ఇటుక విసిరారు. ఎడమ కన్ను పోయిందంటున్నారు.

నేను అక్కడ లేను. షాపులో ఉన్నాను. ఇటుక వేయమని నేను ఎక్కడా రాయలేదు.

సంతకం నాది కాదన్న ఆ పోస్టు చూపించి, ఇక రాజీ లేదని ఆసుపత్రి వాళ్ళు కోర్టులో చెప్పేశారు. అందుకే పిచ్చుకని తీసుకురాలేదు. పోలీసులు షాపుకి వచ్చి పేజీ ఎవరిదని అడిగారు. అక్కదే, లోపలి నుంచి ఎవరి చేతో పెట్టిస్తోందేమో అన్నాను. నువ్వు ఎలాగూ లోపలే ఉన్నావు కదా అక్కా, నీకు కొత్తగా వచ్చే నష్టం ఏముంది? నేను కూడా లోపలికి వస్తే పిచ్చుకని ఎవరు చూస్తారు? నా స్థానంలో నువ్వున్నా ఇదే చేసేదానివి.

నిన్ను మర్చిపోని,
తమ్ముడు


ప్రియమైన బుడ్డోడికి,

ఇది ఇంట్లోంచి రాస్తున్నాను. నువ్వున్నచోట ఉత్తరాలు మధ్యాహ్నం ఇస్తారు. ఇది నీ చేతికి వచ్చేసరికి పిచ్చుక స్కూల్లో ఉంటుంది.

ఆయమ్మ మీద దాడికి ఉసిగొల్పానని నా మీద రెండో కేసు పెట్టి ఇన్‌స్పెక్టర్ జైలుకి వచ్చాడు. పేజీ నడిపిందెవరని అడిగాడు. మా తమ్ముడని చెప్పాను. చాలాసేపు ఆలోచించానని రాస్తే నీకు కాస్త ఊరటగా ఉండేదేమో. ఆలోచించలేదు. రుజువేమిటన్నాడు. ఆ పనికి వేరే ఫోన్ వాడి ఉంటాడు, షాపులో కింది సొరుగులో పాడైన బ్యాటరీల అడుగున చూడండి అన్నాను. ఊహించి చెప్పాను. అక్కడే దొరికిందట. నీ సంగతి నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

ఆ తర్వాత అన్నీ తొందరగా జరిగాయి. ఆసుపత్రి వాళ్ళు నా క్షమాపణ మళ్ళీ తీసుకున్నారు. ఉద్యోగం మాత్రం లేదన్నారు. నీ మీద పెట్టిన సెక్షన్లకి బెయిలు అంత తేలిక కాదని లాయరు చెప్పాడు. నీ కేసు తీసుకోమని అతన్ని నేను అడగలేదు.

ఆ బిడ్డ తల్లి ఇంటికి వెళ్ళాను. తలుపు సగం తెరిచి, “సంతకం పెట్టినావిడ మీరేనా” అంది. అవునన్నాను. తలుపు వేసేసింది. పాల గురించి చెప్పాల్సిన మాట ఆ తలుపుకే చెప్పి వచ్చాను.

రోజూ ఆయమ్మ ఇంటికి వెళ్ళి కట్టు మారుస్తున్నాను. మరదలు నా కాళ్ళు పట్టుకుంది. క్షమించానని ఆయమ్మ ఒక్కమాట చెబితే కేసు తేలికపడుతుందట, ఆ మాట నన్ను అడగమంది. మర్నాడు వెళ్ళాను. దూది తీశాను, శుభ్రం చేశాను, కట్టు కట్టాను. “మీ తమ్ముడు ఎలా ఉన్నాడమ్మా” అని ఆయమ్మే అడిగింది. తెలియదన్నాను. మరదలికి మాత్రం, అడిగాను, ఒప్పుకోలేదు అని చెప్పాను.

పిచ్చుక నిన్న మెట్ల మీద నుంచి పడింది. మోకాలు చీరుకుపోయింది. నోరు తెరవకుండా నిలబడి నా చేతుల వంక చూసింది. ఫోన్ ఉందేమోనని. లేదని చూశాక, “పరవాలేదమ్మా” అని లోపలికి వెళ్ళిపోయింది. నొప్పి పుడితే ఏడవచ్చని దానికి మళ్ళీ నేర్పాలి. ఎలా నేర్పాలో ఏ నర్సింగ్ స్కూల్లోనూ చెప్పలేదు.

నిన్ను వేరే ఊరి జైలుకి మారుస్తారని మరదలు చెప్పింది. అక్కడి అడ్రసు రాసివ్వబోతే వద్దన్నాను.

అక్క