సర్వర్‌లో లేని మెయిళ్లు

పాల్వంచ,
18 జూన్ 2024.

చెల్లి వనజకు,

బస్టాండు పక్క నెట్ సెంటర్ నుంచి ఫరహా అక్క సలాములు. వేళకు తింటున్నావా? ఇక్కడ వానలు పట్టాయి. మా అమ్మీ రోజూ నీ కోసం దువా చేస్తోంది.

మీ అన్న గణేష్‌ను మట్టిలో పెట్టిన రోజు నువ్వు నన్నొక మాట అడిగావు. “ఫోన్ గుంజుకున్నరు గదా అక్కా, ఇంక గంతగనం ఎందుకు కొట్టిన్రు?” అని. దానికి జవాబు ఇప్పుడు చెబుతాను.

మీ అమ్మ వాగులో జారిపడి చనిపోయిందని ఇసుక కాంట్రాక్టరు పోలీసులతో రాయించాడు. ఇసుక తోలొద్దని అడ్డం నిలబడిన ఆమెను లారీతో తొక్కించింది అతని కొడుకు. వెనక లారీ నడుపుతున్న రాందాస్ అదంతా ఫోన్‌లో తీశాడు. దాన్ని ఏడు మెయిళ్లలో గణేష్‌కు పంపి, తన దగ్గరివి తుడిచేసి, ఊరే విడిచిపోయాడు. కోర్టులో చూసే ముందే నీకు తెలియాలని రాస్తున్నాను, గుండె రాయి చేసుకో. మొదటిసారి తగిలినప్పుడు అమ్మ బతికే ఉంది. లేవబోయింది. వాడు లారీ వెనక్కి తీసి మళ్లీ ఎక్కించాడు.

ఆ మెయిళ్లు ఎక్కడ ఉంచాలని గణేష్, నేను రెండు రోజులు వాదించుకున్నాం. పైన సర్వర్‌లోనే ఉండనియ్యి, ఖమ్మంలనైనా భద్రాచలంలనైనా పెద్దసార్లకు ఫోన్ తీసి చూపెడతనన్నాడు. ఫోన్ గుంజుకుని పాస్‌వర్డ్ చెప్పిస్తే ఒక్క వేలితో అన్నీ పోతాయన్నాను నేను. రెండు మెయిల్ ప్రోగ్రాములు పెట్టి చూపించాను. ఒకటి మెయిళ్లను పైనే ఉంచి చూపిస్తుంది. ఇంకోటి అన్నిటినీ మన దగ్గరికి దించుకుని, పైన ఖాళీ చేస్తుంది. రెండోదే పెట్టుకోమని పట్టుబట్టాను. చివరికి “నీకే ఎరుక, గట్లనే కానియ్ అక్కా” అన్నాడు. అన్నీ అరచేతిలో పట్టే డిస్కులోకి దించాను.

దించిన నాలుగో రోజు మధ్యాహ్నం, నేను నమాజుకు ఇంటికి వెళ్లిన వేళ, గణేష్ ఒక్కడే ఉన్న సెంటర్‌లోకి కాంట్రాక్టరు మనుషులు ముగ్గురు వచ్చారట. పక్క టైలర్ అబూబకర్ మామూ చెప్పాడు. ఫోన్ గుంజుకుని, ఇనప రాడ్డుతో గణేష్ మోకాలు విరగ్గొట్టి పాస్‌వర్డ్ చెప్పించారు. తెరిచి చూస్తే మెయిల్ ఖాళీ. ఏడ దాచినవని మళ్లీ మొదలుపెట్టారు. కంప్యూటర్ పగలగొట్టారు. పేపర్ కట్టర్ కింద చెయ్యి పెట్టించి ఒక వేలు, ఆగి అడిగి ఇంకో వేలు తెంపారు. లేదన్నప్పుడల్లా తల మీద కొట్టారు. ఖమ్మం దవాఖానాలో మూడు రోజులున్నాడు, కళ్లు తెరవలేదు.

నీ ప్రశ్నకు జవాబు ఇదే, వనజా. మెయిళ్లు పైనే ఉండి ఉంటే తుడిచేసి పోయేవాళ్లు. ఖాళీగా ఉంది కాబట్టి కొట్టారు. ఖాళీ చేయించింది నేను.

డిస్కు లాయర్ శారద గారికి ఇచ్చాను. నిన్న కాంట్రాక్టరు కొడుకునూ ఆ ముగ్గురినీ పట్టుకున్నారు. నీ ఆరోగ్యం చూసుకో.

ఇట్లు,
నీ ఫరహా అక్క

తా.క.: ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. ఆ రోజు నేను నమాజుకు వెళ్లలేదు. వాళ్లు రాగానే షట్టర్ దించేశారు, అబూబకర్ మామూ చూసిందేమీ లేదు. పైన రాసిందంతా నేను చూసిందే. జిరాక్స్ మిషన్ వెనక, డిస్కును కడుపుకు అదుముకుని కూర్చున్నాను. ‘ఇదిగో’ అని ఒక్క మాట అంటే గణేష్ బతికేవాడేమో. అనలేదు. డిస్కు కోసమో, నా ప్రాణం కోసమో ఇప్పటికీ నాకు తెలియదు. రెండో వేలు తెగాక తను నన్ను చూశాడు. వెంటనే మొహం అటు తిప్పుకుని “ఈడ ఏం లేదు, ఎవ్వరు లేరు” అని వాళ్లకు చెప్పాడు. వచ్చే బుధవారం జడ్జి ముందు ఇదే చెప్పబోతున్నాను. నువ్వు వస్తే నా పక్కన కూర్చోనక్కర్లేదు.